సినిమాలో రాజకీయం చెబితే జనానికి నిజంగా ఎక్కుతుందా?

ఎక్కుతుందా, లేక ఈలలేసి ఇంటికెళ్లిపోతారా అని అడిగారు కదా. నేను చూసినంతలో ఎక్కుతుంది, కాకపోతే హీరో మైకు పట్టుకుని చెప్పినప్పుడు కాదు.

మాది సూర్యాపేట పక్కన పల్లె. కొన్నేళ్ల కిందట మా తాతకు ఫోన్లో మాభూమి పెట్టాను. గౌతమ్ ఘోష్ తీసిన సినిమా, 1980లో వచ్చింది, తెలంగాణ సాయుధ పోరాటం కథ. గద్దర్ 'బండెనక బండి కట్టి' ఎత్తుకోగానే నాకు ఒళ్లు జలదరించింది, తాత మాత్రం మామూలుగానే చూశాడు, బండి యాదగిరి కట్టిన ఆ పాట ఆయన చిన్నప్పుడు విన్నదే. ఆయన కదిలింది చివర్లో. జనం తిరగబడితే గడీ వదిలి పారిపోయిన దొర, 1948లో భారత సైన్యం నిజాం మీదికొచ్చిన పోలీసు చర్య తర్వాత ఆ మిలిటరీ అండతో మళ్లీ ఊళ్లో దిగుతాడు, ఈసారి ఖద్దరు బట్టలు, నెత్తిన గాంధీ టోపీ. తాత మంచం మీద లేచి కూర్చుని "ఆపు, ఇంకోపారి వెయ్యి" అన్నాడు. రెండోసారి చూసి, "మా దొర గూడ గిట్లనే వచ్చిండురా, మేం దున్నుకుంటున్న చెలక మళ్లా గుంజుకున్నడు" అన్నాడు. అలాంటి చెలక ఒకటుందని మా నాన్నకే తెలియదు! అది ఎక్కడుందో, ఇప్పుడు ఎవరి పట్టాలో ఉందో ఆ రాత్రంతా చెబుతూనే ఉన్నాడు.

మరి ఎన్టీఆర్ సినిమా బొబ్బిలి పులి సంగతేంటి, ఆ డైలాగులే ఆయన్ను గెలిపించాయి కదా అంటారు. ఎన్టీఆర్ పార్టీ పెట్టింది 1982 మార్చిలో, ఆ సినిమా జూలైలో, గెలుపు 1983 జనవరిలో. డైలాగులు పేలాయి, నిజమే, కానీ ఆయన అప్పటికే చైతన్య రథం మీద ఊరూరా తిరుగుతున్నారు, సినిమా ఆ గాలికి తోడైంది.

సందేశానికి బలం లేదనుకునేవాళ్లు రైతుబిడ్డ గురించి తెలుసుకోవాలి. 1939లో గూడవల్లి రామబ్రహ్మం జమీందారీ పెత్తనాన్ని ఎండగడుతూ తీస్తే దాన్ని ఆపించడానికి జమీందార్లే దిగారు, అదీ పెట్టుబడి పెట్టింది సాటి జమీందారు, చల్లపల్లి రాజా అయినా సరే.

ఇప్పుడొచ్చే చాలా సినిమాల్లో మంత్రి చెడ్డవాడు, హీరో వచ్చి కొడతాడు, అయిపోయింది. ఆ మంత్రి ఎవరి భూమి ఎవరికి కట్టబెట్టాడు, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు, ఊళ్లో ఎవరు నోరు మూసుకున్నారు, ఇవేవీ తెర మీదకు రావు. నాకు కోపమొచ్చేది అక్కడే.