కంఠీరవ స్టేడియం ఫుట్‌బాల్‌కేనా? మా పాపను రన్నింగ్‌కు చేర్పించవచ్చా?

హైదరాబాద్ నుంచి ఈ మధ్యే బెంగళూరు శాంతినగర్‌కు మారామని, పదకొండేళ్ల పాప స్కూల్లో బాగా పరిగెత్తుతుందని, కంఠీరవలో చేర్పిద్దామంటే ఆఫీసులో వాళ్లు "అది ఫుట్‌బాల్ గ్రౌండ్, మిగతా రోజుల్లో సభలకు ఇస్తారు, అక్కడ పిల్లలకు నేర్పేదేముంటుంది" అన్నారని రాశారు. చేర్పించండి. మా అమ్మాయి ఆరేళ్లు అక్కడే ప్రాక్టీస్ చేసింది. పొద్దున ఐదున్నరకు దాన్ని దించి, ఏడున్నర దాకా మెట్ల మీద కూర్చుని, ఆ స్టేడియాన్ని నేను చూసినంతగా మీ ఆఫీసు వాళ్లు చూసి ఉండరు.

వాళ్లు చెప్పింది పూర్తిగా తప్పని కాదు. అక్కడ అన్నీ జరుగుతాయి. అసలు ఆ స్థలమే ఒకప్పుడు సంపంగి చెరువు. చెరువు పోయి స్టేడియం వచ్చింది, పక్కన చిన్న కొలను మాత్రం మిగిలింది, బెంగళూరు కరగ (తల మీద పూల కలశం ఎత్తుకునే) ఉత్సవంలో పూజలకు ఇప్పటికీ అక్కడికే వస్తారు. మాది మదనపల్లె. మా వైపు ద్రౌపదమ్మ తిరునాళ్లు చూసి పెరిగినవాణ్ణి కాబట్టి, ఇక్కడా ద్రౌపదమ్మ పేరు మీదే కరగ ఎత్తుతారని తెలిసినప్పుడు ఊరు కాని ఊళ్లో మనవాళ్లు కనిపించినట్టనిపించింది. మీరూ ఒకసారి ఆ కొలను చూసి రండి, చాలామంది దాని పక్క నుంచే నడిచి వెళ్తారు కానీ గమనించరు.

ఫుట్‌బాల్ సంగతికొస్తే, బెంగళూరు ఎఫ్‌సీ మ్యాచ్‌లు ఇక్కడే. ట్రాక్ మధ్యలో ఉండటం వల్ల ఆట కాస్త దూరంగా కనిపిస్తుంది, అది నిజం. కానీ వెస్ట్ బ్లాక్‌లో అభిమానులు డప్పులు వాయిస్తూ మ్యాచ్ మొత్తం నిలబడే ఉంటారు, ఆ దూరం గుర్తుకే రాదు. పాపతో వెళ్తే మాత్రం ఆ బ్లాక్ వద్దు, కూర్చుని చూసే చోట టికెట్ తీసుకోండి. 2023లో శాఫ్ ఛాంపియన్‌షిప్, అంటే దక్షిణాసియా ఫుట్‌బాల్ టోర్నీ, మొత్తం ఇక్కడే ఆడారు. జూన్ 21న పాకిస్తాన్‌తో మ్యాచ్, వీసాలు ఆలస్యమై వాళ్ల జట్టు ఆ రోజే బెంగళూరులో దిగింది. మనవాళ్లు 4-0తో గెలిచారు, కెప్టెన్ సునీల్ ఛెత్రి మూడు గోల్స్ కొట్టాడు. జూలై 4న ఫైనల్ కువైట్‌తో పెనాల్టీల దాకా వెళ్లింది, మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ చివరి పెనాల్టీ ఆపగానే మా ముందు వరుసలో ఒక పెద్దాయన పక్కనున్న ముక్కూమొహం తెలియని కుర్రాణ్ణి పట్టుకుని ఏడ్చేశాడు.

అదే మైదానంలో, ఆ టోర్నీకి దాదాపు నెల ముందు, మే 20న సిద్ధరామయ్య కర్ణాటక ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. 2013లోనూ ఆయన ప్రమాణం ఇక్కడే. అంతకన్నా నా మనసులో నిలిచిపోయింది 2021 అక్టోబర్. కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ పోయినప్పుడు భౌతికకాయాన్ని ఇక్కడే ఉంచారు. మన చిరంజీవి, బాలకృష్ణ, జూనియర్ ఎన్టీఆర్ అందరూ వచ్చారు. నేనూ లైన్లో నిలబడ్డాను. అంత జనం, అంత నిశ్శబ్దం ఒకేచోట నేను మళ్లీ చూడలేదు. 2006లో వాళ్ల నాన్న రాజ్‌కుమార్ గారినీ ఇక్కడే ఉంచారు. ఊరంతా ఒకచోటికి రావాలంటే నగరం నడిబొడ్డున అంత ఖాళీ జాగా, అన్ని గేట్లు ఇంకెక్కడున్నాయి చెప్పండి. అందుకే స్టేడియం ఆటలకు మాత్రమే అనే వాదనతో నేను ఏకీభవించను.

పక్కనే ఇండోర్ స్టేడియం ఉంది, అది వేరే. కబడ్డీ, బాస్కెట్‌బాల్, కార్యక్రమాలు అన్నీ అందులో. 2022 అక్టోబర్‌లో ప్రో కబడ్డీ అక్కడే మొదలైంది, తొలిరోజే బెంగళూరు బుల్స్‌కూ మన తెలుగు టైటాన్స్‌కూ మ్యాచ్. బుల్స్ గెలిచింది. మారతహళ్లి నుంచి, బీటీఎం నుంచి మనవాళ్లు బాగానే వచ్చారు, ఓడినా గొంతులు పోయేదాకా అరిచారు. కబడ్డీ చూడాలంటే ఇండోరే, రెయిడర్ కూత వినిపించేంత దగ్గర.

సరిగ్గా అదే నెలలో బయట ట్రాక్ మీద నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది. మీ పాప కోసం ఇది చెప్పాలి. అక్టోబర్ 17, సోమవారం. మా అమ్మాయి అప్పటికి హర్డిల్స్ (అడ్డుకర్రల మీంచి దూకుతూ పరిగెత్తడం) మొదలుపెట్టి ఏడాది. స్కూలు మానిపించి తీసుకెళ్లాను. గ్యాలరీలో జనం లేరు, కోచ్‌లు, మిగతా అథ్లెట్లు, మాలాంటి తల్లిదండ్రులు కొందరు, అంతే. హర్డిల్స్ సర్దుతుంటే మా అమ్మాయి నాకు చూపించింది: వాటి కాళ్లు పరిగెత్తుకొచ్చే వాళ్ల వైపే ఉండాలి నాన్నా, అప్పుడే తగిలితే ముందుకు పడుతుంది, తిరగేసి పెడితే పడదు, మనం పడతాం. మొదటి హర్డిల్‌కు 13 మీటర్లు, ఆ తర్వాత ఒక్కోదానికి 8.5 మీటర్లు, మధ్యలో మూడంటే మూడు అడుగులే వేయాలి. ఇదంతా అది చెప్తుండగానే గన్ పేలింది. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 12.82 సెకన్లలో వచ్చేసింది. వంద మీటర్ల హర్డిల్స్‌లో నిబంధనల ప్రకారం 13 సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ ఆమె. వెనక నుంచి తోసే గాలి ఎక్కువుంటే రికార్డు లెక్కలోకి రాదు కాబట్టి విండ్ రీడింగ్ వచ్చేదాకా అందరం బోర్డు వైపే చూస్తూ నిలబడ్డాం. వచ్చాక ఆ కొద్దిమందిమే చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాం. మర్నాడు పొద్దున మా అమ్మాయి అదే లేన్లో నిలబడి, వంగి, ఆ గీతను వేళ్లతో తాకి చూసుకుంది. ఏ కచేరీ, ఏ ఫైనల్ టికెట్ కొన్నా మీకు అది దొరకదు. పెద్దవాళ్లు రికార్డు కొట్టిన ట్రాక్ మీదే పిల్లలు మర్నాడు వార్మప్ చేయడం ఎన్ని చోట్ల కుదురుతుంది?

అందుకే నా బాధంతా ట్రాక్ గురించే. ఫుట్‌బాల్‌కూ అథ్లెటిక్స్‌కూ ఇక్కడ చాలాకాలం గొడవ నడిచింది, హైకోర్టు దాకా వెళ్లింది. ఎవరో చెడ్డవాళ్లవడం వల్ల వచ్చిన గొడవ కాదది. జావెలిన్ (ఈటె), హ్యామర్ (తీగకు కట్టిన ఇనప గుండు) వచ్చి పడేది మధ్యలోని గడ్డి మీదే, హ్యామర్ పడితే గుంట పడుతుంది, ఫుట్‌బాల్ వాళ్లకు ఆ గడ్డి నున్నగా కావాలి. స్టేజీ వేస్తే ఇంకో సమస్య: కప్పి ఉంచిన గడ్డి నాలుగు రోజులు ఎండ తగలకపోతే పసుపెక్కుతుంది, లారీ చక్రాలూ ఇనప కుర్చీల కాళ్లూ సింథటిక్ ట్రాక్‌ను నొక్కేస్తాయి. ట్రాక్ మందం ఒకటిన్నర సెంటీమీటరు కూడా ఉండదు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: పాటల కచేరీలు, అవార్డు ఫంక్షన్లు ఇండోర్‌కు వెళ్లాలి, లేదా ట్రాక్ లేని మైదానాలకు వెళ్లాలి. ఇక్కడి చిన్నస్వామి స్టేడియంలో 1996లో మిస్ వరల్డ్ పోటీలే జరిగాయి, క్రికెట్ ఆగిపోలేదు కదా. కంఠీరవలో ఏం పెట్టినా ట్రాక్ మీద పలకలు పరిచి పెట్టాలి, ప్రాక్టీస్ వేళల్ని ముట్టుకోకూడదు.

ఇక పెద్ద ఈవెంట్లకు పాపను తీసుకెళ్లే విషయం. 2025 జూన్ 4న చిన్నస్వామి బయట తొక్కిసలాటలో 11 మంది పోయారు. నెల తిరిగాక జూలై 5న కంఠీరవలో నీరజ్ చోప్రా క్లాసిక్ జావెలిన్ పోటీ. మా ఆవిడ వద్దంటే వద్దంది, నాకూ టెన్షన్‌గానే ఉంది. చివరికి ముగ్గురం వెళ్లాం. గేట్లు తెరిచిన వెంటనే లోపలికి వెళ్లి కూర్చున్నాం, అయిపోయాక జనం పల్చబడేదాకా సీట్లలోంచి లేవలేదు. మీరూ ఎప్పుడైనా అలాగే చేయండి, కబ్బన్ పార్క్ మెట్రో దాకా నడిచి వెళ్లడమే మేలు, బండి వద్దు. ఆ పోటీ నిజానికి పంచ్‌కులలో పెట్టాల్సింది, అక్కడ ఫ్లడ్‌లైట్లు సరిపోక ఇక్కడికి మార్చారు. నీరజ్ 86.18 మీటర్లు విసిరి గెలిచాడు. అతను రన్‌వే చివర నిలబడి చేతులెత్తి అడగ్గానే స్టేడియం మొత్తం ఒకే లయలో చప్పట్లు కొట్టింది. జావెలిన్ కోసం అంతమంది రావడం చూసి, 2022 నాటి ఆ ఖాళీ గ్యాలరీ గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి.

చేర్పించే ముందు ఒక వారం పొద్దున్నే వెళ్లి ఊరికే కూర్చుని చూడండి. వేర్వేరు కోచ్‌ల దగ్గర పిల్లలు కనిపిస్తారు. చిన్నపిల్లల్ని మొదటిరోజు నుంచే ఒకే ఈవెంట్‌లో పెట్టేవాళ్లకన్నా, పరుగు, దూకడం, విసరడం అన్నీ చేయించేవాళ్లను ఎంచుకోండి. ఫీజులు, వేళలు మారుతుంటాయి కాబట్టి అక్కడే అడగండి. సభో మ్యాచో ఉన్న వారంలో ప్రాక్టీస్ ఆగుతుంది, ఆ రోజులకు కబ్బన్ పార్క్ ఉంది. స్పైక్స్ (అడుగున మేకులుండే రన్నింగ్ బూట్లు) మాత్రం ఇప్పుడే కొనకండి, పదకొండేళ్లకు పాదం ఆర్నెల్లకే పెరిగిపోతుంది, మామూలు రన్నింగ్ షూస్ చాలు. మా అమ్మాయివి రెండు జతలు, సైజు మూడు, నాలుగు, ఇంట్లో అలాగే ఉన్నాయి. ఏడాది తర్వాత అవసరమైతే ఇక్కడే ఒక మాట రాయండి, తెచ్చిస్తాను.