తొమ్మిదో అధికరణం గురించి రాసేటప్పుడు

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. జపాన్ రాజ్యాంగం మీద తెలుగులో రాయాలని నీకు తోచినందుకే ఎంతో సంతోషించాను. కానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ‘జపాన్‌కు సైన్యం లేదు’ అన్నావు. తొమ్మిదో అధికరణం చెప్పేది నిజంగా అదే: భూ, నౌకా, వైమానిక సేనలను ఉంచుకోబోమని. అయితే 1954 నుంచి ఆ మూడూ ఆత్మరక్షణ దళాల పేరుతో ఉన్నాయి. రాసుకున్నదానికీ కంటికి కనిపించేదానికీ నడుమ ఉన్న ఆ ఎడమే నీ వ్యాసానికి ప్రాణం. దాన్ని గమనించకుండా దాటిపోయావు.

1946లో రాజ్యాంగ ముసాయిదాను పరిశీలించిన అషిదా హితోషి అధ్యక్షతలోని పార్లమెంటు ఉపసంఘం ఈ అధికరణంలో, యుద్ధాన్ని వదులుకుంటామనే మొదటి పేరా తర్వాత, సేనలు వద్దనే రెండో పేరా మొదట్లో, ‘పై పేరాలోని లక్ష్యం కోసం’ అనే అర్థం వచ్చే నాలుగు మాటలు చేర్చింది. వద్దన్నది దురాక్రమణకు సేన మాత్రమే, ఆత్మరక్షణకు కాదు అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఆ మాటలనే పట్టుకుంటారు. రాసేవాడివి, మాటకు ఇంత బరువుంటుందని నీకు వేరే చెప్పాలా?

2014 జులైలో అప్పటి ప్రధాని షింజో అబే మంత్రివర్గం ఒక్క అక్షరం కూడా కదపలేదు, అర్థం మార్చింది. దాడి మిత్రదేశం మీద జరిగినా, దానివల్ల జపాన్ మనుగడకే ముప్పు వస్తే ఆయుధం పట్టవచ్చంది. 2022లో శత్రుస్థావరాలపై ఎదురుదాడి చేసే శక్తినీ సమకూర్చుకోవాలని నిర్ణయించారు. అదీ అక్షరం మారకుండానే. సవరణకైతే ఉభయసభల్లో మూడింట రెండు వంతుల మద్దతు, ఆపైన ప్రజల ఓటు కావాలి. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1947 నుంచి ఒక్కసారి కూడా అది జరగలేదు. ప్రజలను అడిగి అక్షరం మార్చడం కంటే, అడగకుండా అర్థం మార్చడమే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

సవరణ కోరేవాళ్లందరినీ యుద్ధోన్మాదులన్నావు. ఆ మాట తీసెయ్యి. 2017 ఆగస్టులో ఉత్తర కొరియా క్షిపణి జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవి మీదుగా పోయిన తెల్లవారుజామున ఫోన్లలో హెచ్చరికలు మోగి లేచినవాళ్ల భయం బూటకం కాదు. పాత పేరాలను అలాగే ఉంచి, ఆత్మరక్షణ దళాల ప్రస్తావన మాత్రం చేరుద్దామని అబే అదే ఏడు ప్రతిపాదించారు. తర్వాత చేర్చిన మాట ముందు నుంచీ ఉన్న మాటను మింగేస్తుందని విమర్శకుల ఆందోళన. నాదీ అదే ఆందోళన. నీ వ్యాసంలో సగం దీనికే ఇవ్వు.

చివర ‘కాలమే తేల్చాలి’ అన్నావు. పాము చావకుండా, కర్ర విరగకుండా ముగించడం నీ వయసుకు తగదు. అక్కడ ఈ సవరణపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే ఓటు పత్రం మీద సమ్మతం, అసమ్మతం అని రెండు మాటలుంటాయి, ఒకదాని చుట్టూ సున్నా చుట్టాలి. నేనైతే అసమ్మతం చుట్టూ చుడతాను. నువ్వు దేని చుట్టూ చుడతావో, ఎందుకో రాసి పంపు.

ఆశీస్సులతో.