సందేహాలు – సమాధానాలు: గర్భసంచికి ఆశయమేమిటి?

సందేహం: బడిలో గర్భాశయం, అండాశయం అని చెబుతున్నాను. పిల్లల ఇళ్లలో “గర్భసంచి” అంటారు. సంస్కృతానికి తెలుగు తగిలించిన ఆ మాట దోషం కాదా? అసలు ఆశయమంటే లక్ష్యం కదా, అవయవాలకు ఆ పేరెందుకు వచ్చింది? – ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ.

సమాధానం: ముందుగా రెండో ప్రశ్న. మీకు దగ్గరలోనే డిండి జలాశయం ఉంది. అందులోని నీటికి లక్ష్యమేమిటని ఎవరూ అడగరు. “శీఙ్” ధాతువుకు పడుకొనుట అని అర్థం. శయనం, శయ్య అందులోంచి వచ్చినవే. “ఆఙ్” ఉపసర్గ చేరినప్పుడు ఆశయమంటే ఏదైనా చేరి నిలిచి ఉండే చోటు. ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు తన గ్రంథంలో శరీరాన్ని వివరించే శారీరస్థానంలో వాత, పిత్త, శ్లేష్మ, రక్త, ఆమ, పక్వ, మూత్రాశయాలని ఏడింటిని లెక్కించి, స్త్రీలకు ఎనిమిదవది గర్భాశయమన్నాడు. గీత పదో అధ్యాయంలోని “సర్వభూతాశయస్థితః” అన్నచోట ఆశయం హృదయమైంది, అంటే తలపులు నిలిచే చోటు. ఆ తరువాత తలపే ఆశయమైంది. చిట్టచివరికి సభావేదికల మీద అది లక్ష్యంగా స్థిరపడింది. ఆశకూ ఆశయానికీ చుట్టరికం కలిపేవారు దయచేసి సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం ఒకసారి తిరగవేయాలి.

ఈ పేరు ఎంత పొందికైనదో శరీరమే చెబుతుంది. మూత్రాశయానికి వెనుక, పురీషనాళానికి ముందు, తలకిందులు చేసిన బేరిపండులా, సుమారు 7.5 సెంటీమీటర్ల పొడవుండే ఈ కండరాల సంచి అండాన్ని పుట్టించదు. అండాలకు మూలమైన కణాలు ఆడశిశువు పుట్టకముందే ఇరుపక్కల ఉన్న అండాశయాలలో చేరి, ఏళ్ల తరబడి అక్కడే నిద్రిస్తాయి. ఈడేరిన తరువాత సాధారణంగా నెలకొకటి పక్వమై వెలువడుతుంది. శుక్రకణంతో దాని కలయిక జరిగేది ఫాలోపియన్ నాళంలో. అది దారి, పడక కాదు. కనుక దానిని ఆశయమనలేదు. పిండం కిందికి దిగి, గర్భాశయపు లోపొరలో నాటుకొని, తొమ్మిది నెలలు శయనిస్తుంది. పిండం రాని నెలలో ఆ పొర ఊడి రక్తంతో పోవడమే ముట్టు.

ఇక గర్భసంచి. కేవల సంస్కృత శబ్దంతో అచ్చతెలుగు మాటను సమసింపజేయడం వైరిసమాసమని లాక్షణికులు అభ్యంతరపెట్టవచ్చు. అయితే గర్భగుడి అన్న మాటకూ అదే పోకడ. దానిని మానుకొమ్మని ఏ పూజారికీ చెప్పలేము. పాఠం రాసేటప్పుడు గర్భాశయమే మేలని నాకు తోస్తుంది, కాని ఒక తల్లి గర్భసంచి అంటే దిద్దబుద్ధి కాదు. దిద్దవలసింది పత్రికలవారిని. “శస్త్రచికిత్సతో గర్భం తొలగించారు” అని రాస్తారు. గర్భమంటే లోపల పెరిగే శిశువు. తీసింది సంచినైతే ఆ వాక్యం ఆ స్త్రీకి జరగనిదానిని జరిగినట్టు చెబుతుంది.

సంస్కృత నిఘంటువైన అమరకోశాన్నీ గుడ్డిగా నమ్మవద్దు. “గర్భాశయో జరాయుః స్యాత్” అంటూ అమరసింహుడు రెంటినీ ఒకటి చేశాడు. నేటి పుస్తకాలలో జరాయువు అంటే మాయ, అంటే కడుపులోని శిశువుకు పోషణ అందించేది. కడుపు మాటకు ఉదరం, గర్భాశయం, చూలు అనే మూడర్థాలూ ఉన్నాయి. “కలుగనేటికిఁ దల్లుల కడుపుచేటు” అని పోతన అన్నప్పుడు అది రెండోదో మూడోదో నేటికీ నేను తేల్చుకోలేదు.