షుగర్ పుండ్ల ఫొటోలతో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి గవర్నమెంట్ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్. సర్జరీ పోస్టింగ్ మొదలైనప్పటి నుంచి షుగర్ పుండ్లు, స్కిన్ గ్రాఫ్ట్‌లు (చర్మం తీసి గాయం మీద అతికించడం) అంటూ సాయంత్రాలు కూడా వార్డులోనే ఉంటోంది. కేస్ రిపోర్టులు రాస్తుందట, గాయాలు మానడం మీదే రీసెర్చ్ చేస్తుందట. నీట్ పీజీకి ఇది అడ్డం కాదా సార్? అసలు దీనికి కెరీర్ ఉందా? (ఒక తండ్రి, ఒంగోలు)

మీకు నచ్చే మాటే ముందు చెప్తాను. నీట్ పీజీలో పబ్లికేషన్లకు ఒక్క మార్కు కూడా రాదు. 200 ప్రశ్నలు, 800 మార్కులు, ర్యాంకు, అంతే. అంతర్జాతీయ జర్నల్లో పేరు పడిందని కౌన్సెలింగ్‌లో సీటు ఇచ్చేవాళ్ళెవరూ లేరు. కాబట్టి పరీక్షకు ముందు ఏడాది మాత్రం ఈ పని పక్కన పెట్టాల్సిందే, ఈ విషయంలో నేను మీ పక్షమే.

కానీ ఇప్పుడు మాన్పించకండి. ఎందుకంటే సర్జరీలో పేషెంటు ఆపరేషన్ టేబుల్ దిగాక ఏం జరుగుతుందో చూసే ఓపిక చాలామందికి ఉండదు, మీ అమ్మాయికి థర్డ్ ఇయర్‌లోనే అది వచ్చింది. దాన్ని సరైన దారిలో పెట్టడమే ఇప్పుడు చేయాల్సింది.

ఆ దారి ఏమిటంటే, కేస్ రిపోర్టుల సంఖ్య పెంచుకోవడం మీద ఆశ వదిలేయమనండి. రేపు అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి పైకి వెళ్ళాలంటే పబ్లికేషన్లు కావాలి, 2022 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ నిబంధనల్లో లెక్కలోకి తీసుకున్న వాటిలో ఒరిజినల్ పేపర్లు, సిస్టమాటిక్ రివ్యూలు (ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నీ పద్ధతిగా వెతికి సమీక్షించడం), మెటా అనాలిసిస్‌లు (వాటి అంకెలు కలిపి లెక్కకట్టడం), కేస్ సిరీస్‌లు (ఒకే జబ్బున్న కొందరు పేషెంట్ల వివరాలు కలిపి రాయడం) ఉన్నాయి, ఒంటరి కేస్ రిపోర్ట్ లేదు. అంటే ఒక్క పేషెంటు కథ అయిదుసార్లు రాసేకంటే ఒకే రకం పుండు ఉన్న పదిమందిని చివరిదాకా వెంబడించి రాస్తే దానికి విలువ ఎక్కువ. రాయడం నేర్చుకోవడానికి ఒక కేస్ రిపోర్ట్ చాలు. దానికి 2013లో వచ్చిన కేర్ గైడ్‌లైన్స్, సర్జరీ కేసులకైతే 2016లో వచ్చిన స్కేర్ గైడ్‌లైన్స్ ఉన్నాయి, వాటి చెక్‌లిస్ట్ ముందు పెట్టుకుని రాస్తే సరిపోతుంది.

అసలు పని డ్రెస్సింగ్ రూమ్‌లో ఉంటుంది. మన ఆసుపత్రుల్లో కేస్ షీట్ తీసి చూడండి, పుండు గురించి "హెల్దీ", "స్లఫ్ (చచ్చిన కణజాలం) ఉంది", "డ్రెస్సింగ్ చేశారు" అని మూడు ముక్కలు కనిపిస్తాయి. ఎంత పొడవు, ఎంత వెడల్పు, లోపల టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నరం లాంటి తాడు) కనిపిస్తోందా, అడుగున ఎముక తగులుతోందా, కాలికి రక్తం సరిగ్గా అందుతోందా, ఇవేవీ ఉండవు. మీ అమ్మాయి చేయాల్సిందల్లా ప్రతి వారం ఒకే రోజున, పుండు పక్కన కాగితం స్కేలు పెట్టి, ఒకే కోణంలో ఒక ఫొటో, శుభ్రంగా ఉన్న పారదర్శక షీటు మీద పుండు అంచు గీసి విస్తీర్ణం, దానితో పాటు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్), కల్చర్ రిపోర్ట్ (పుండులో ఏ క్రిమి ఉందో చెప్పేది), కాలి మీద బరువు పడకుండా ఏం చేశారన్నది. డయాబెటిక్ ఫుట్ పుండు, అంటే షుగర్ వల్ల పాదానికి వచ్చే పుండు, 4 వారాల్లో సగానికి తగ్గకపోతే 12 వారాలకు మానే అవకాశం బాగా తక్కువ అని ఇప్పటికే తేలిన విషయం. 4 వారాల కొలత రాయని వార్డులో ఆ సంగతి ఎవరికీ తెలియదు, పాత డ్రెస్సింగే మూడు నెలలు నడుస్తుంది, తర్వాత వేలు తీసేస్తారు. మిషన్ కొనలేని చోట ఫోమ్ ముక్క, రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం), పైన పారదర్శక ప్లాస్టర్, గోడ సక్షన్‌తో పీజీలు వ్యాక్ డ్రెస్సింగ్ (పుండులోని ద్రవాన్ని పీల్చేసే కట్టు) కట్టేస్తుంటారు కదా, అది మన దగ్గర ఏ పుండుకు పనిచేస్తోంది, దేనికి చేయడం లేదు అన్నది కూడా రాయదగ్గ ప్రశ్నే.

చిన్న సిరీస్ కదా అని తీసిపారేయకండి. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో స్లెట్ అనే పద్ధతిని ప్రచురించింది. రసాయనాలు పడి కాలిన కంటికి, రెండో కన్ను బాగుంటే అందులోంచి చిన్న లింబల్ కణజాలం (నల్లగుడ్డు అంచున ఉండేది) తీసి, ముక్కలు చేసి, ఆమ్నియాటిక్ పొర (గర్భంలో బిడ్డ చుట్టూ ఉండే పొర) మీద ఫైబ్రిన్ గ్లూ అనే జిగురుతో అతికించడం. అంతకుముందు ఆ కణాలను ల్యాబ్‌లో పెంచి అతికించేవారు, ఖర్చు, ల్యాబ్ రెండూ కావాలి, స్లెట్‌కు ఆ ల్యాబ్ అక్కర్లేదు. మొదటి పేపర్‌లో ఉన్నది ఆరుగురు పేషెంట్లే.

ఫొటో తీసేముందు పేషెంటు సంతకంతో అనుమతి ఉండాలి, మొహం కనిపించకపోయినా సరే. చాలామంది పిల్లలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేస్తున్నారు, అది తప్పు. సిరీస్‌కైతే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి మొదలుపెట్టకముందే తీసుకోవాలి. ఇంకొకటి, "డబ్బు కట్టండి, మీ పేరు ఆథర్‌గా వేస్తాం" అనే మెసేజ్‌లు వస్తాయి, మీరు ప్రేమకొద్దీ ఫీజు కట్టేయకండి.

ఇప్పుడు అందుబాటులో ఉన్నది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్. రెండు నెలల ప్రాజెక్ట్, స్టైపెండ్ ఇస్తారు, గైడ్ సొంత కాలేజీ ఫ్యాకల్టీనే. ఏ ఇయర్ వాళ్ళు అర్హులో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. సర్జరీలో ఆసక్తి ఉన్న ఒక ప్రొఫెసర్‌ను పట్టుకుని, సిరీస్‌నే ప్రాజెక్ట్‌గా పెట్టుకుంటే రెండు పనులూ ఒకేసారి అవుతాయి.

ఇక కెరీర్ సంగతి. ఎంఎస్ జనరల్ సర్జరీ మూడేళ్ళు, తర్వాత నీట్ ఎస్ఎస్ (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష) రాసి ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ మూడేళ్ళు, లేదంటే నీట్ పీజీతోనే ప్లాస్టిక్ సర్జరీలో ఆరేళ్ళ డైరెక్ట్ డీఆర్ఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ). కాలిన గాయాలు, డయాబెటిక్ ఫుట్, ప్రమాదాల కేసులు ఎప్పటికీ తగ్గేవి కావు, కాబట్టి పని దొరకదన్న భయం అక్కర్లేదు. ల్యాబ్ వైపు మనసు లాగితే చెన్నై సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కొల్లాజెన్ (చర్మంలో ఉండే ప్రోటీన్) డ్రెస్సింగుల మీద, తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థ బయోమెటీరియల్స్ (శరీరంలో వాడదగ్గ పదార్థాలు) మీద పనిచేస్తున్నాయి. కానీ ఎంబీబీఎస్ అవ్వగానే సర్జరీ వదిలేసి పీహెచ్‌డీలోకి దూకమని నేను చెప్పను. పుండును చేత్తో శుభ్రం చేసిన మనిషికే ఏ ప్రశ్న అడగాలో ముందు తెలుస్తుంది, ల్యాబ్‌వాళ్ళకు కావలసింది కూడా అలాంటి సర్జన్‌నే.

అమ్మాయితో వారానికి రెండు సాయంత్రాలు వార్డుకు, మిగతావి చదువుకు అని మాట్లాడుకోండి. ఈ సెమిస్టర్‌లో ఒక కేస్ రిపోర్ట్, వచ్చే ఏడాది సిరీస్, హౌస్ సర్జన్సీలో పూర్తిగా నీట్ పీజీ. థర్డ్ ఇయర్ సబ్జెక్టుల్లో మార్కులు తగ్గాయంటే మాత్రం మళ్ళీ రాయండి, అప్పుడు లెక్క మార్చుకుందాం.