వేడెక్కాక గేజీ ఎంత చూపిస్తుందో చెప్పు, అప్పుడు మాట్లాడదాం

అల్లుడూ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. సొంత కారుని రేసు ట్రాక్ మీద తోలుకోనిచ్చే మద్రాస్ ట్రాక్ డేకి పేరు ఇచ్చానని, పోలో కారుకి కొత్త టైర్లు వేయించానని, బ్రేక్ ప్యాడ్లు మార్పించానని పేజీ నిండా రాసి, చివర ఒక్క ముక్కలో "మామయ్యా, గాలి ఎంత పెట్టమంటావ్?" అన్నావు. డబ్బు పోసి కొన్నవాటికి పేజీ, పైసా ఖర్చు లేనిదానికి ఒక్క లైను. వయసు అలాంటిదిలే, నేనూ అంతే చేశాను.

సమాధానం ఒక్క నంబరులో చెప్పేదయితే రాత్రే చెప్పేసేవాణ్ణి. నేను 30 పాయింట్లు (పీఎస్ఐ) అంటే నువ్వు 30 అని పెట్టుకుని వెళ్తావు, అది నీ కారుకి, ఆ రోజు ఎండకి, నువ్వు తోలే తీరుకి సరిపోకపోతే "మామయ్య చెప్పాడు" అని అదే పట్టుకుని కూర్చుంటావు. ఇంటి దగ్గర, చల్లగా ఉన్నప్పుడు ఎంత పెట్టావన్నది సగం సంగతే. మూడు నాలుగు ల్యాపులు, అంటే ట్రాక్ చుట్లు, గట్టిగా తోలి పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి, వచ్చిన నిమిషంలో గాలి కొలిచే గేజీ ఎంత చూపిస్తుందో అదే అసలు సంగతి. టైరు పని చేసేది ఆ గాలితో.

పద్ధెనిమిదేళ్ల కింద నేను మొదటిసారి ఆ మద్రాస్ ట్రాక్ ఉన్న ఇరుంగట్టుకోట్టై వెళ్లినప్పుడు ఎవరో "గట్టి టైరు అయితే బాగా దొర్లుతుంది" అన్నారని నాలుగింటికీ 35 కొట్టించుకుని వెళ్లాను. పాత స్విఫ్ట్ అది. మొదటి రెండు ల్యాపులు భలే ఉంది. నాలుగో ల్యాపు నుంచి ఆముదం పోసిన గచ్చు మీద తోలినట్టు, స్టీరింగ్ ఎంత తిప్పినా ముందుకే పోతోంది. నాకు తోలడం రాదనుకున్నాను, తర్వాత టైర్లు మంచివి కావనుకున్నాను, ఒక దశలో సస్పెన్షన్ పోయిందని కూడా అనుకున్నాను. పక్క పిట్‌లో ఉన్న ఒక పెద్దాయన గేజీ పెట్టి చూస్తే ముందు టైర్లు 41 దాటి ఉన్నాయి. ఏమీ అనకుండా 35కి దించి మళ్లీ పొమ్మన్నాడు. అదే కారు, అదే నేను, కానీ వేరే బండి తోలుతున్నట్టుంది. ఆ రోజు నుంచి నా జేబులో గేజీ లేకుండా ట్రాక్ మీదికి పోలేదు.

ఎందుకు అంత పెరిగిందో అర్థమయితే మిగతా అంతా నీకు నువ్వే లెక్క వేసుకోవచ్చు. మూసి ఉన్న గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది, ఇంటర్‌లో చదివిందే. కాకపోతే లెక్క వేసేటప్పుడు చాలామంది ఒక తప్పు చేస్తారు. గేజీ చూపించే 30 అసలు ఒత్తిడి కాదు, బయటి గాలి కంటే ఎంత ఎక్కువో అంతే చూపిస్తుంది. సముద్ర మట్టం దగ్గర బయటి గాలే 14.7 ఉంటుంది, అంటే టైరులో నిజంగా ఉన్నది 44.7. 30 డిగ్రీల్లో ఉన్న ఆ గాలి 70 డిగ్రీలకి ఎక్కితే, కెల్విన్‌లో 303 నుంచి 343, అంటే పదమూడు శాతం పెరుగుదల. 44.7 మీద పదమూడు శాతం వేసి మళ్లీ 14.7 తీసేస్తే దాదాపు 36 వస్తుంది. ఆరు పాయింట్లు! గుర్తుకి ఇలా పెట్టుకో: టైరులో గాలి పది డిగ్రీలు వేడెక్కితే పాయింటున్నర పెరుగుతుంది.

ఈ పాయింటున్నర లెక్క రోజంతా పనికొస్తుంది. పొద్దున ఏడింటికి 24 డిగ్రీల్లో పెట్టిన 30, మధ్యాహ్నం 34 డిగ్రీల్లో, కారు కదలకపోయినా, 31 పైనే ఉంటుంది. ఒక పక్క ఎండలో నిలిపావనుకో, ఆ పక్క టైర్లు ఇంకాస్త ఎక్కువ చూపిస్తాయి, నువ్వు దించేస్తావు, తర్వాత నాలుగూ నాలుగు రకాలుగా అవుతాయి. కాబట్టి చల్లటి రీడింగ్ తీసేటప్పుడు నీడలో తియ్యి, అది కూడా కారు కనీసం రెండు మూడు గంటలు ఆగి ఉన్నాక. హోటల్ నుంచి ట్రాక్ దాకా పదిహేను కిలోమీటర్లు తోలుకొచ్చి అదే చల్లటి రీడింగ్ అనుకోకు.

ఇంకో సంగతి, హైదరాబాద్ వాళ్లకి మాత్రమే పనికొచ్చేది. మీ ఊరు సముద్ర మట్టానికి ఐదు వందల మీటర్ల పైనే ఉంది, అక్కడ బయటి గాలి ఒత్తిడి మద్రాసు కంటే సుమారు 0.9 పాయింటు తక్కువ. అంటే మియాపూర్‌లో 32 పెట్టించుకుని బయల్దేరితే, అదే వేడి దగ్గర చూసినా మద్రాసులో 31 చూపిస్తుంది. టైరు లీకు అవుతోందని కంగారుపడి పంచర్ షాపు వెతుక్కోకు. ఇంటి దగ్గర ట్రాక్ కోసం నంబరు సరిచేసుకోవడం అనవసరం, ప్రయాణానికి ఎంత కావాలో అంత పెట్టుకుని రా, మిగతాది అక్కడే చూసుకోవాలి.

సరే, అక్కడికి వెళ్లాక ఏం చేయాలి. పోలో తలుపు దగ్గరో, పెట్రోలు మూత లోపలో ఒక స్టిక్కరు ఉంటుంది చూడు, కంపెనీ వాడు చెప్పిన గాలి. పొద్దున్నే నీడలో ఆ నంబరుకే, ఒక్కడివే ఉన్నప్పటి లోడుకి చెప్పినదానికి, నాలుగూ సరిగ్గా పెట్టు. టైరు మీద అచ్చు వేసిన 44, 51 లాంటి నంబర్లు చూసి మోసపోకు, అవి ఆ టైరుకి మించకూడని హద్దు, నీ కారుకి కావలసిన గాలి కాదు. మొదటి సెషన్‌లో ఒక ల్యాపు నెమ్మదిగా, తర్వాత మూడు ల్యాపులు నీకు చేతనైనంత బాగా తోలు, అంతే, లోపలికి వచ్చెయ్. చివర్లో చల్లార్చే ల్యాపు బ్రేకులకి మంచిదే, కానీ ఈ ఒక్క సెషన్‌కి దాన్ని మరీ సాగదీయకు, లేకపోతే నువ్వు చూసే రీడింగ్‌లో నిజం ఉండదు.

పిట్‌లో ఆగగానే హ్యాండ్‌బ్రేక్ వేయకు. వేడి మీద వెనక బ్రేకులు అతుక్కుపోవచ్చు. ఫస్ట్ గేరులో వదిలేసి, చక్రం కింద రాయో చెక్కో పెట్టు. దిగి ముందు ఎడమ టైరు దగ్గరికి పరిగెత్తు. ఎందుకు ఎడమ అంటే, మద్రాస్ ట్రాక్ గడియారం ముల్లు తిరిగిన వైపే తిరుగుతుంది, అంటే ఎక్కువగా కుడి మలుపులు, కుడికి తిరిగితే బరువంతా ఎడమ పక్కకి పోతుంది. దానికి తోడు నీది ముందు చక్రాల బండి. ఇంజను బరువు, లాగే పని, తిప్పే పని, బ్రేకు పని ఎక్కువ భాగం ముందువాటి మీదే. నాలుగు టైర్లలో ఎడమ ముందుది ఎడ్లబండికి కట్టిన ఒంటెద్దు లాంటిది. అది మిగతావాటి కంటే ఒకటి రెండు పాయింట్లు ఎక్కువ పెరిగి కనిపిస్తే ఆశ్చర్యపోకు. రెండు నిమిషాల్లో నాలుగూ చూసి కాగితం మీద రాసెయ్. ఆలస్యం చేస్తే బ్రేకుల వేడి రిమ్ములోకి పాకి లెక్కంతా గందరగోళం అవుతుంది.

నీ బండి బరువుకి, రోడ్డు టైర్లకి, వేడి మీద ముందు 35–36, వెనక 33–34 దగ్గర మొదలుపెట్టమంటాను. ఇది వేదవాక్కు కాదు, మొదలుపెట్టే చోటు. వచ్చిన నంబరు దానికంటే ఎక్కువ ఉంటే అక్కడికక్కడే దించు, ముందు రెండూ ఒకే నంబరుకి, వెనక రెండూ ఒకే నంబరుకి. దించడం వల్ల చల్లారాక ఎడమది కుడిదానికంటే ఒక పాయింటు తక్కువ ఉంటుంది, ఉండనీ, అలాగే ఉండాలి. వాల్వు ముట్టుకునేటప్పుడు జాగ్రత్త, రిమ్ము కాలుతుంది. కార్లో లైటు వెలిగి గాలి తక్కువుందని అరిస్తే కంగారుపడకుండా గేజీ చూసుకో.

తర్వాత సెషన్ నుంచి ఒక్కో పాయింటు చొప్పున మార్చి చూడు. ఒకేసారి మూడు మార్చకు, ముందూ వెనకా కలిపి మార్చకు, ఏది పని చేసిందో తెలియకుండా పోతుంది. గాలి ఎక్కువయితే స్టీరింగ్ మొదట చురుగ్గా అనిపించి, వేడెక్కేకొద్దీ సబ్బు మీద నడిచినట్టు జారుతుంది, చిన్న గతుకుకి కూడా ఎగురుతుంది. తక్కువయితే స్టీరింగ్ తిప్పాక కారు ఒక క్షణం ఆలోచించి తిరిగినట్టుంటుంది, మలుపులో టైరు సైడ్‌వాల్ మీదికి, అంటే పక్క గోడ మీదికి, ఒరుగుతుంది. ఇది కళ్లతో చూడాలంటే చవకైన ఉపాయం ఉంది: సుద్దముక్కతోనో తెల్ల బూట్ పాలిష్‌తోనో ట్రెడ్ (రోడ్డుకి తగిలే భాగం) అంచు నుంచి సైడ్‌వాల్ మీదికి ఒక గీత గీయి. కొన్ని టైర్ల అంచు దగ్గర చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది, గీత అరుగుదల ఆ గుర్తు దగ్గర ఆగితే సరిపోయినట్టు, దాన్ని దాటి కిందికి పోతే టైరు ఒరిగిపోతోంది, గాలి తక్కువ. గుర్తుకి ఇంకా పైనే ఆగిపోతే గాలి ఎక్కువ.

టెంపరేచర్ గన్ కొనాలా అని అడుగుతావని తెలుసు, వీడియోలు చూసి ఉంటావు. ఆ లేజరు తుపాకీ చూపించేది పైపొర వేడి, అది పిట్‌లోకి వచ్చేలోపే చల్లారిపోతుంది. రబ్బరులోకి గుచ్చే సూది రకం అయితే పనికొస్తుంది: లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్ల చూస్తే, మధ్యది రెండు అంచుల కంటే వేడిగా ఉంటే గాలి ఎక్కువ, రెండు అంచులూ మధ్య కంటే వేడిగా ఉంటే తక్కువ. బయటి అంచు ఒక్కటే మరీ వేడిగా ఉంటే దానికి మందు గాలి కాదు, క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి ఎంత వాలి ఉందో అది. కానీ మొదటి నాలుగు ట్రాక్ డేలకి ఇవేవీ వద్దు. మంచి గేజీ ఒకటి, సుద్దముక్క ఒకటి చాలు.

గేజీ మాత్రం ఒకటే పెట్టుకో. ఒక బంకు గేజీకీ ఇంకో బంకు గేజీకీ రెండు మూడు పాయింట్ల తేడా రావడం నేనే చూశాను. నీది ఒక పాయింటు తప్పు చూపించినా నష్టం లేదు, రోజూ అదే తప్పు చూపిస్తే చాలు. పక్కవాడి గేజీతో చూసి, నీ గేజీతో దించావా, ఆ రోజు లెక్కలన్నీ గంగపాలు.

నైట్రోజన్ గురించి ఒక్క మాట. బయటి గాలిలో ఎలాగూ 78 శాతం నైట్రోజనే. దానిలో లాభం ఏదైనా ఉంటే అది పొడిగా ఉండడం వల్ల. మామూలు కంప్రెసరు ట్యాంకులో, ముఖ్యంగా వానాకాలంలో, నీళ్లు చేరతాయి, ఆ తేమ టైరులో ఆవిరయితే గాలి ఇంకాస్త ఎక్కువ పెరుగుతుంది. నువ్వు ఎలాగూ గేజీ పెట్టి చూసి దించుతావు కాబట్టి ఆ డబ్బుతో బ్రేక్ ఆయిల్ మార్పించుకో.

వాన పడితే? మద్రాసులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెప్పలేం. తడి ట్రాక్ మీద టైరు అంతగా వేడెక్కదు, ఆరు పాయింట్లు పెరుగుతుందనుకున్నది రెండు మూడుకే ఆగిపోతుంది. పొడి రోజుకి దించి పెట్టుకున్న గాలితో అలాగే వెళ్తే టైరు మెత్తగా ఉండి, కాలువలు మూసుకుపోయి, నీటి మీద తేలుతుంది. చల్లటి నంబరుని రెండు మూడు పాయింట్లు పెంచుకుని వెళ్లు.

రెండు మూడు సెషన్ల తర్వాత నీకు నచ్చిన వేడి నంబరు దొరుకుతుంది. సాయంత్రం కారు పూర్తిగా చల్లారాక ఆ టైర్లలో ఎంత ఉందో చూసి రాసుకో. వచ్చేసారి పొద్దున పెట్టుకోవలసినది అదే. పక్కనే ఎండ ఎన్ని డిగ్రీలో కూడా రాయి, లేకపోతే డిసెంబరు నంబరు ఏప్రిల్‌లో పనికిరాదు. చల్లటి నంబరు 26 కంటే తక్కువకి వస్తుంటే అక్కడితో ఆపు, ఇంకా దించకు, రోడ్డు టైరు అంచు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. నీ సమస్య గాలిలో లేదు, బహుశా నువ్వు మలుపులోకి మరీ వేగంగా వెళ్లి స్టీరింగ్‌తో టైరుని రుద్దుతున్నావు.

వెనక టైర్లలో గాలి పెంచితే కారు బాగా తిరుగుతుందని అక్కడ ఎవరో ఒకరు చెప్తారు. నిజమే, తిరుగుతుంది. వెనక గ్రిప్ తగ్గించి తిప్పడం అది. ఫాస్ట్ మలుపులో యాక్సిలరేటర్ వదిలావంటే వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. ఈ ఏడాది అటు పోకు.

ఇక నేను అసలు ఎక్కువ భయపడేది ట్రాక్ గురించి కాదు. సాయంత్రం అలసిపోయి, హెల్మెట్ డిక్కీలో పడేసి, ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని అలాగే హైవే ఎక్కేస్తారు చూడు, దాని గురించి. పగలు వేడి మీద దించిన టైరు చల్లారాక 28కో 27కో పడిపోతుంది. ఒకసారి నేను అలాగే నలుగురితో, సామాన్లతో బయల్దేరి సూళ్లూరుపేట దగ్గర టీకి ఆగితే వెనక టైరు మీద చెయ్యి పెట్టలేకపోయాను. గాలి తక్కువయితే సైడ్‌వాల్ ప్రతి చుట్టుకీ వంగుతుంది, వంగితే వేడెక్కుతుంది, నిండు లోడుతో వంద మీద గంటల తరబడి అలా పోతే పేలుతుంది. నా అదృష్టం కొద్దీ టీ తాగాలనిపించింది. కాబట్టి సిగరెట్ లైటరు సాకెట్‌లో పెట్టే చిన్న కంప్రెసరు డిక్కీలో ఉండాలి, ట్రాక్ గేటు దాటకముందే స్టిక్కరులో నిండు లోడుకి ఎంత రాశారో అంతకి కొట్టుకోవాలి. టైర్లు ఇంకా గోరువెచ్చగా ఉంటే రెండు మూడు పాయింట్లు ఎక్కువే పెట్టు, రాత్రికి చల్లారి సరిపోతుంది. వీల్ నట్లు కూడా అప్పుడే ఒకసారి బిగించి చూసుకో.

నార్కట్‌పల్లి, అద్దంకి మీదుగా వస్తావు కదా, నెల్లూరులో ఇంటికి వచ్చి పడుకో, మర్నాడు మద్రాసు వెళ్లొచ్చు. నా గేజీ ఇస్తాను, కంప్రెసరు కూడా ఉంది, రెండూ మళ్లీ తెచ్చి ఇవ్వాలి. ఈలోపు ఆ స్టిక్కరు ఫోటో ఒకటి, టైరు మీద ఓవల్ గీతలో ఉన్న నాలుగంకెల ఫోటో ఒకటి పంపు, మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండూ సంవత్సరం. షాపువాడు కొత్తవి అన్నాడని నువ్వన్నావు, నేను చూస్తేగానీ నమ్మను.

మీ మామయ్య