అమ్మకాలు బయటివాళ్లకు ఇవ్వొచ్చు, అడ్మిన్ లాగిన్ మాత్రం ఇవ్వకండి

సందేహం: గుంటూరులో నలుగురం కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాం. మెడికల్ షాపులకు క్లౌడ్‌లో పనిచేసే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాది. ఇప్పుడు 38 షాపులవాళ్లు వాడుతున్నారు, అందరూ తెలిసినవాళ్ల ద్వారా వచ్చినవాళ్లే. హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీ ఐదుగురు టెలీకాలర్లను పెట్టి అమ్మిపెడతామంటోంది. నెలకు కొంత ఫిక్స్‌డ్, అమ్మకం మీద కమీషన్ అడుగుతున్నారు. మా కస్టమర్ల లిస్టు, అడ్మిన్ లాగిన్ కూడా కావాలంటున్నారు. ఇవ్వొచ్చా? ఏ సీఆర్ఎం (కస్టమర్లతో జరిగే మాటలు, అమ్మకాలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్) పెట్టుకోవాలి?

జవాబు: అడ్మిన్ లాగిన్ ఇవ్వకండి, ఏ పరిస్థితిలోనూ. అందులో ఏముందో ఒకసారి గుర్తు చేసుకోండి. షెడ్యూల్ హెచ్1 (చట్టం ప్రత్యేక నిఘా పెట్టిన మందుల జాబితా) మందు అమ్మితే డాక్టర్ వివరాలు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది షాపువాళ్లు విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. టీబీకి మందులు వాడే మనిషి పేరు కూడా అందులో, అంటే మీ సాఫ్ట్‌వేర్‌లో, ఉంటుంది. మిమ్మల్ని నమ్మి షాపాయన దాచుకున్న సమాచారమది. డెమో కోసం ఒక ఉత్తుత్తి షాపు సృష్టించి, కల్పిత పేర్లతో నాలుగొందల బిల్లులు నింపి, ఆ లాగిన్ ఇవ్వండి. అమ్మడానికి అంతకు మించి అవసరం లేదు.

కస్టమర్ల లిస్టూ అంతే. ఏజెన్సీకి కావలసింది కొత్త షాపులు. పాతవాళ్లలో ఎవరైనా మంచిమాట చెబుతామంటే వాళ్లను అడిగి ఆ ఒకరిద్దరి నంబర్లే ఇవ్వండి. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం పని బయటికిచ్చినా బాధ్యత మీదే. సమాచార భద్రతలో నిర్లక్ష్యానికి జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా పెట్టారు.

ఇక ఏ నంబర్ నుంచి ఫోన్ చేస్తారో ముందే అడగండి. చాలా ఏజెన్సీలు మామూలు పదంకెల సిమ్‌లు పది తెచ్చి పని కానిచ్చేస్తాయి. ప్రచార కాల్స్‌కు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కేటాయించినది 140తో మొదలయ్యే సిరీస్. ఈ కాల్స్ మీద 2018 నాటి నిబంధనలను 2025 ఫిబ్రవరిలో సవరించి మరింత బిగించారు. పది రోజుల్లో ఐదు ఫిర్యాదులొస్తే చర్య మొదలవుతుంది. తప్పు తేలితే మొదటిసారి 15 రోజులు అవుట్‌గోయింగ్ ఆపేస్తారు, మళ్లీ జరిగితే ఏడాదిపాటు అన్ని టెలికాం కంపెనీల కనెక్షన్లూ తీసేస్తారు. కాబట్టి ప్రచార కాల్స్ రిజిస్ట్రేషన్ మీ కంపెనీ పేరు మీదే చేయించి, నంబర్ మీ ఖాతాలోనే ఉంచుకోండి. ఏజెన్సీ మారినా నంబర్ మీతోనే ఉంటుంది.

సీఆర్ఎం గురించి ఎక్కువ ఆలోచించకండి. జోహో సీఆర్ఎంలో ముగ్గురి దాకా ఉచితం, ఏజెన్సీవాళ్లకూ లాగిన్లు ఇవ్వాలంటే డబ్బు కట్టే ప్లాన్ తీసుకోవాలి. ఏది తీసుకున్నా ఖాతా మీ పేరున తెరిచి, వాళ్ల ప్రొఫైల్‌లో ఎక్స్‌పోర్ట్ (జాబితాను ఫైల్‌గా దించుకోవడం) ఆపేయండి. మీ డొమైన్‌తోనే ఈమెయిల్ ఐడీలు ఇవ్వండి. పని మానేసినవాళ్ల ఐడీ ఆ రోజే మూసేయొచ్చు. ఇవన్నీ చేసి ఒక్క కాలమ్ మరిచిపోయేవాళ్లే ఎక్కువ: 'ఎందుకు వద్దన్నారు'. అది కాలర్ తన మాటల్లో పెట్టకూడదు, షాపాయన అన్న మాట అన్నట్టుగా రాయాలి.

ఎందుకు చెబుతున్నానంటే, మీలాంటి సాఫ్ట్‌వేర్ అమ్మే నా మిత్రుడొకరు ఇలాగే బయటి టీమ్‌ను పెట్టుకున్నారు. ఒకరోజు పక్కన కూర్చుని కాల్స్ విన్నాను. తెనాలి షాపాయన అడిగింది ఒకటే ప్రశ్న: "స్ట్రిప్పులో నాలుగు మాత్రలే కోసిస్తే బిల్లెలా కొట్టాలమ్మా?" ఆ అమ్మాయి కాసేపు ఆగి, "అన్నీ వస్తాయండీ" అంది. ఆయన ఫోన్ పెట్టేశాడు. నిజానికి ఆ సాఫ్ట్‌వేర్‌లో విడి మాత్రల బిల్లు చక్కగా వస్తుంది! తప్పు ఆ అమ్మాయిది కాదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమెను రెండు రోజులు ఏదైనా షాపు కౌంటర్ వెనక నిలబెడితే ఎక్స్‌పైరీ రిటర్న్స్ (గడువు తీరిన మందులు వెనక్కి పంపడం) ఏమిటో, బ్యాచ్ నంబర్ తప్పితే ఏమవుతుందో కళ్లారా చూసేది. సాయంత్రం షాపు కిటకిటలాడుతున్నప్పుడు ఫోన్ చేయకూడదని కూడా తనకే తెలిసేది. ఏజెన్సీ ఒప్పుకుంటే మీ వాళ్లకు ఈ రెండు రోజులూ పెట్టించండి. ఒప్పుకోకపోతే నేనైతే ఆ ఏజెన్సీని తీసుకోను.

లేనిది ఉందని చెప్పి అమ్మినా గొడవ మీ మీదికే వస్తుంది. ఏజెంట్ మీ పనిలో చెప్పిన అబద్ధానికి యజమానిదే జవాబుదారీ అని కాంట్రాక్ట్ చట్టం చెబుతోంది. అందుకే కమీషన్ సంతకం మీద ఇవ్వకండి. అందులో సగం షాపువాళ్ల డబ్బు మీ చేతికొచ్చాక, మిగతా సగం ఆ షాపు రెండో నెలలోనూ బిల్లులు కొడుతుంటే ఇవ్వండి. రోజుకెన్ని బిల్లులు పడుతున్నాయో మీ సర్వరే చెబుతుంది కదా. ఇలా పెడితే అవసరం లేనివాడికి అంటగట్టాలనే తొందర తగ్గుతుంది. మొదట ఇద్దరు కాలర్లతో మూడు నెలలు చూడండి, ఐదుగురు తర్వాత.

సందేహం: కరీంనగర్‌లో మాకు ఇద్దరు సేల్స్ కుర్రాళ్లున్నారు. వాళ్ల ఫోన్లలో పెట్టిన కాల్ రికార్డింగ్ యాప్ పనిచేయడం లేదు. ఎందుకు?

జవాబు: వికలాంగుల కోసం ఫోన్‌లో ఉండే యాక్సెసిబిలిటీ సౌకర్యాన్ని వాడి కాల్స్ రికార్డ్ చేసే ప్లే స్టోర్ యాప్‌లను గూగుల్ 2022 మేలో నిషేధించింది. బయటి నుంచి ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్ లేకుండా యాప్ వేసుకునే ఫైళ్లు) దించుకుని వేయించకండి, ప్రమాదం. హైదరాబాద్‌కు చెందిన ఓజోన్‌టెల్, ఇంకా ఎక్సోటెల్ లాంటి క్లౌడ్ టెలిఫోనీ (ఇంటర్నెట్ సర్వర్ల మీదుగా కాల్స్ నడిపే) సంస్థల ద్వారా కాల్ వెళితే రికార్డింగ్ సర్వర్‌లోనే జరుగుతుంది. రికార్డవుతోందని కాల్ మొదట్లోనే అవతలివాళ్లకు చెప్పించండి.

సందేహం: ఒకే వాట్సాప్ బిజినెస్ నంబర్‌ను ముగ్గురు వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు. అసలు ఫోన్ కాక మరో నాలుగు పరికరాలు లింక్ అవుతాయి. అసలు ఫోన్ మీ దగ్గరే ఉంచుకోండి. ఎవరైనా ఉద్యోగం మానేస్తే సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్‌కు వెళ్లి వాళ్ల పరికరాన్ని లాగౌట్ చేయండి. నెలకోసారి ఆ జాబితా తెరిచి చూస్తుండండి, తెలియని పరికరం కనబడితే వెంటనే తీసేయొచ్చు.