కొత్త కాలు తొడిగే ముందు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మోకాలి కింద ఆపరేషన్ గాయం పూర్తిగా మానిందనీ, వచ్చే నెల కృత్రిమ కాలికి కొలతలు తీసుకుంటారనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఏళ్ల తరబడి అలాంటి కాలితోనే నడుస్తున్నవాణ్ణి కనుక నీకు ముందుగా తెలియవలసినవి రాస్తున్నాను. ఏ రకం కాలు మంచిదని అందరూ అడుగుతారు గాని, దాన్ని మోయవలసిన స్టంప్ గురించి, అంటే ఆపరేషన్ తర్వాత మిగిలిన కాలి భాగం గురించి, ఎవరూ పట్టించుకోరు. అసలు పని అక్కడే ఉంది.

మోకాలు పూర్తిగా చాపగలిగేటట్టు చూసుకో. హాయిగా ఉందని దాని కింద దిండు పెట్టుకుని పడుకుంటే కొన్ని వారాల్లోనే బిగుసుకుపోతుంది, ఆపైన ఎంత మంచి కాలు తొడిగినా నడక కుదరదు. క్రేప్ బ్యాండేజిని చివర బిగువుగా, పైకి వచ్చేకొద్దీ వదులుగా, ఎనిమిది అంకె ఆకారంలో చుట్టించుకో. లేని పాదం మంట పుడితే కంగారు పడవద్దు, దాచుకోనూ వద్దు. అది నరాల వల్ల వచ్చే నిజమైన నొప్పే, డాక్టరు మందు ఇస్తారు.

మొదటి ఏడాది స్టంప్ సన్నబడుతూ ఉంటుంది కాబట్టి సాకెట్, అంటే కృత్రిమ కాలిలో స్టంప్ దూర్చే తొడుగు, వదులవుతుంది. ముందు ఒక మేజోడు అదనంగా తొడిగి సరిపెట్టుకోవచ్చు. మేజోళ్ల మీద మేజోళ్లు తొడగవలసి వస్తే మాత్రం సాకెట్ మార్పించుకోవలసిందే. రోజూ సాయంత్రం కాలు విప్పి, చేతి అద్దం కింద పెట్టి చర్మమంతా చూసుకో. 10 నిమిషాలు గడిచినా తగ్గని ఎర్రటి మచ్చ ఉంటే అక్కడ సాకెట్ ఒత్తుతోందని అర్థం. దూది కుక్కి ఓర్చుకోవద్దు, టెక్నీషియన్ దగ్గరికి వెళ్లి సరిచేయించుకో. అది నీ హక్కు, మొహమాటపడే విషయం కాదు. స్టంప్‌ను రాత్రిపూట కడుక్కో, పొద్దున్నే తడిపితే చర్మం ఉబ్బి సాకెట్‌లో ఒరుసుకుంటుంది.

నువ్వు చేలో దిగేవాడివి కనుక జైపూర్ పాదం సంగతీ ఆలోచించు. 1968 ప్రాంతంలో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి రబ్బరుతో రూపొందించిన ఆ పాదంతో బురదలో ఉత్త కాళ్లతో నడవవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, పీట మీద భోంచేయవచ్చు. 1975లో జైపూర్‌లో మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దాన్ని ఉచితంగానే అమరుస్తుంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ పని కూడా ఈలోగా ముగించుకో, పింఛనుకు అదే ఆధారం.

కాలు వచ్చాక కూడా చంకకర్రలు మంచం పక్కనే ఉంచుకో; నిద్రమత్తులో రెండు కాళ్లూ ఉన్నాయనుకుని లేచి పడేవాళ్లు ఎంతోమంది. వాటి అడుగున రబ్బరు అరిగితే వెంటనే మార్చు. కొలతల రోజున నేనూ వస్తాను. నువ్వు రోజూ వేసుకునే చెప్పులు తెచ్చుకో, మడమ ఎత్తును బట్టే కాలు అమరుస్తారు.

ఇట్లు,
మీ పెదనాన్న